ఏడెనిమిదుల బడి

చీకటి పడ్డాక ఆ బడి ముందు నుంచి వెళ్ళేవాళ్ళు ఎవరైనా సరే, గేటు దగ్గరికి రాగానే గొంతు సవరించుకుని "యాభై ఆరు" అంటారు. అనేసి, వెనక్కి తిరిగి చూడకుండా గబగబా నడిచిపోతారు.

చదువుకున్నవాళ్ళూ అంటారు, చదువురానివాళ్ళూ అంటారు. సంతకం పెట్టమంటే వేలిముద్ర వేసే ముసలమ్మలు కూడా ఆ ఒక్క లెక్క మాత్రం పొరపాటున తప్పు చెప్పరు.

ఎందుకంటే — పాతికేళ్ళ క్రితం ఆ బడి హెడ్మాస్టరు ఏడో ఎక్కం చెబుతూ చెబుతూ పోయారు. "ఏడెనిమిదులు…" అని ఆగి, ఎవరు చెబుతారా అని పిల్లల వంక చూస్తూ అలాగే కుర్చీలో ఉండిపోయారు. పిల్లలకి జవాబు తెలియదు. మాస్టారు ఇంకా ఎదురుచూస్తున్నారనుకుని, చేతులు కట్టుకుని, గంటన్నరసేపు కిక్కురుమనకుండా కూర్చున్నారు. సాయంత్రం ఆయా గది ఊడవడానికి వచ్చి చూస్తే గానీ సంగతి బయటపడలేదు.

అప్పటి నుంచి రాత్రిళ్ళు ఆ గదిలోంచి వినిపిస్తుందట… సన్నగా, ఓపిగ్గా…

"ఏడెనిమిదులు…"

జవాబు చెప్పకుండా దాటిపోయిన పాలవాడికి మూడు రోజులు జ్వరం. పౌరుషానికి పోయి "యాభై నాలుగు" అన్న ఒక పెళ్ళికొడుక్కి నెల రోజులు ఎక్కిళ్ళు. పెళ్ళి ఫొటోలన్నిటిలోనూ అతను నోరు తెరిచే ఉన్నాడు.

అలాంటి బడికి ఒకరోజు సాయంత్రం నాలుగు గంటల బస్సులో తాళంకప్ప దిగాడు.

తాళంకప్ప అంటే మనిషే. విద్యాశాఖ ఆఫీసులో సీనియర్ గుమాస్తా. పిల్లలు పదిహేనుమంది కన్నా తగ్గిపోయిన పల్లెటూరి బళ్ళకి వెళ్ళి, చూసి, శాశ్వతంగా మూసెయ్యాలో అక్కర్లేదో రాసివ్వడం అతని పని. ఇప్పటికి పంతొమ్మిదింటికి వెళ్ళాడు. పంతొమ్మిదీ మూయించాడు. వెళ్ళేటప్పుడే సంచిలో కొత్త తాళంకప్ప ఒకటి పడేసుకుని వెళతాడు గనక ఆఫీసులో ఆ పేరు ఖాయమైపోయింది.

చెడ్డవాడేమీ కాదు. రూలుకి వెంట్రుకవాసి అటూ జరగడు, ఇటూ జరగడు, అంతే. ఆఫీసు పెన్నుతో సొంత ఉత్తరం మీద చిరునామా కూడా రాయడు. ముప్పై ఏళ్ళ సర్వీసులో గుండుసూది ఇంటికి పట్టుకెళ్ళలేదు. మూయించిన బడి వైపు మళ్ళీ వెళ్ళి చూసింది కూడా లేదు. చూడమని ఏ రూల్లోనూ రాసి లేదు మరి.

బడి అంటే ఒకటే పెద్ద గది, ముందు వరండా. కిటికీకి రెండు ఊచలు లేవు. లోపల టీచరమ్మ, ముగ్గురు పిల్లలు.

"రోల్లో ఎంతమందమ్మా?" అన్నాడు తాళంకప్ప.

"ముగ్గురు సార్."

"మిగతావాళ్ళు?"

"పెద్దవాళ్ళయిపోయారు సార్."

అతను రాసుకున్నాడు. "పక్క ఊరి బడిలో కలిపేస్తాం లెండి. ఎంతమ్మా, నాలుగు కిలోమీటర్లేగా."

"మధ్యలో లారీల రోడ్డుంది సార్." టీచరమ్మ గొంతు పెంచలేదు. "ఈ ముగ్గురి పేర్లూ అక్కడి రిజిస్టరులో ఉంటాయి. వీళ్ళు మాత్రం ఇంట్లో ఉంటారు. పోయినేడు కాలవ అవతలి బడి మూశారు చూడండి… పదకొండు పేర్లు వెళ్ళాయి. ఒక్క పిల్లాడు వెళ్ళాడు. వాడూ రెండు నెలలే."

కాలవ అవతలి బడిని మూయించింది తాళంకప్పే. పదకొండు అన్న అంకె అతనికి బాగానే గుర్తుంది. పిల్లల సంగతి ఎవరూ అతనితో చెప్పలేదు, అతనూ అడగలేదు. ఇప్పుడు విన్నాక పెన్ను ఒక్క క్షణం ఆగింది.

ముందు పళ్ళు ఊడిన చిన్నపిల్ల ఒకతె అతని సంచి వంకే చూస్తోంది. అంచులోంచి తాళం చెవి కనిపిస్తోంది.

"సార్… మా బడికి తాళం వేసేస్తే లోపల మాస్టారు ఎలా బయటికొస్తారు?"

"ఏ మాస్టారు?"

ఆ పిల్ల మూలకి వేలు చూపించింది. మూల ఏమీ లేదు. తాళంకప్ప గొంతు సవరించుకుని, సామాన్ల రిజిస్టరు తెమ్మన్నాడు.

ఇక్కడ ఒక రూలుంది. బడి మూయాలంటే ముందు ఆ రిజిస్టరులో ఉన్న ప్రతి వస్తువునీ కళ్ళారా చూసి టిక్కు పెట్టాలి. ఒక్కటి తగ్గినా మూయడానికి వీల్లేదు. అది ఎక్కడ పోయిందో తేలేదాకా ఫైలు కదలదు. తేల్చడానికి ముగ్గురు సభ్యుల కమిటీ ఉంది. అందులో ఒకరు రిటైరయ్యారు, ఒకరు పోయారు, మూడో ఆయనకి తాను సభ్యుణ్ణన్న సంగతే తెలియదు. అయినా పంతొమ్మిది బళ్ళలోనూ ఆ అవసరం రాలేదు. సామాను ఎప్పుడూ సరిపోయేది.

తాళంకప్ప పేజీ కిందకి చూశాడు. "మొత్తం యాభై ఆరు."

ముగ్గురు పిల్లలూ ఒక్కసారే మూలకి తిరిగి చూశారు.

లెక్క మొదలైంది. మూడు బెంచీలు, ఒక టేబులు, ఒక స్టూలు, ఒక బీరువా, ఒక నల్లబల్ల, రెండు బకెట్లు. తొమ్మిది. అక్కడితో ఆగిపోయింది.

"హెడ్మాస్టరు కుర్చీ?"

"లేదు సార్."

"గోడగడియారం?"

"లేదు సార్."

"గ్లోబు?"

"అదీ లేదు సార్. ఇక్కడి సామాను ఎవరికి అవసరమొస్తే వాళ్ళు అడిగి తీసుకెళతారు. అవసరం తీరాక ఇద్దామనే అనుకుంటారు. అది తీరదు."

"ఇత్తడి చేతిగంట?"

టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. "లేదు సార్."

"మరి పిల్లల్ని ఎలా పిలుస్తున్నారు?"

"పళ్ళెం మీద గరిటతో కొడుతున్నాను."

నలభై ఏడు వస్తువులు లేవు. ఇంత సామాను పోగొట్టిన టీచరు భయపడాలి, కాళ్ళావేళ్ళా పడాలి. ఈవిడ ముఖంలో మాత్రం విచారం వెతికినా కనబడలేదు.

"అయితే… మూయడం కుదరదా సార్?" అంది, చాలా మెల్లిగా.

"రేపు పొద్దుటిదాకా చూస్తాను. ఊళ్ళో ఎవరి దగ్గర ఏముందో పేర్లతో సహా రాసుకోవాలి. రూలు రూలే." అన్నాడు తాళంకప్ప. అంటుండగానే రోడ్డు మీద ఆఖరి బస్సు హారన్ కొట్టి వెళ్ళిపోయింది.

వరండాలో చీపురు చప్పుడు ఆగింది. పాతికేళ్ళ క్రితం గది ఊడవడానికి వచ్చిన ఆయా ఇప్పుడూ ఆయానే. ఊళ్ళో ఆమెని మైకు అంటారు. ఆమె చెవిన వేస్తే ఇక వేరే చాటింపు అక్కర్లేదు.

రాత్రికి అతనికి అన్నం తెచ్చిపెట్టింది కూడా ఆమే. అతను తింటున్నంతసేపూ హెడ్మాస్టరు కథంతా చెప్పింది. చెప్పి, గిన్నెలు సర్దుకుంటూ గొంతు తగ్గించింది.

"వినబడితే యాభై ఆరు అనెయ్యండి బాబూ. పెద్ద ఉద్యోగస్తులు కదా అని ఊరుకోకండి."

"ఎక్కాలు చెప్పే దెయ్యం ఎక్కడైనా ఉంటుందా?" అని నవ్వాడు తాళంకప్ప.

ఆమె నవ్వలేదు. వీధిలోకి వెళ్ళి, ప్రతి గుమ్మం ముందూ ఒక్కొక్క క్షణం ఆగుతూ పోయింది. అతను కిటికీలోంచి చూశాడు గానీ పట్టించుకోలేదు.

తొమ్మిదయ్యేసరికి వీధి సద్దుమణిగింది. గదిలో ఒక్కటే బల్బు. అదీ కాసేపు మిణుకుమిణుకుమని, ఇక నావల్ల కాదన్నట్టు ఆరిపోయింది. తాళంకప్ప టేబులు మీదే పక్క పరుచుకుని, తెచ్చుకున్న తెల్ల దుప్పటి తల మీంచి కప్పుకున్నాడు.

నిద్ర రాలేదు. మూల వైపు చూడకూడదనుకున్నాడు. చూశాడు. ఏమీ లేదు. మళ్ళీ చూశాడు.

ఏడెనిమిదులెంత అని తనకు తెలియకుండానే మనసులో లెక్కపెట్టుకున్నాడు. ఏడేడులు నలభై తొమ్మిది, దానికి ఏడు కలిపితే… సరే, యాభై ఆరే. తెలిసిందే కదా. ఎందుకైనా మంచిదని ఇంకోసారి కలిపి చూసుకున్నాడు.

ఎంతసేపయిందో…

గేటు కిర్రుమంది.

గాలేమో అనుకున్నాడు. ఆకు కూడా కదలడం లేదు.

అప్పుడు వినబడింది. బయట చీకట్లో, గోడకి ఆనుకుని, ఎవరో ఊపిరి బిగపట్టి గొణుగుతున్నారు.

"యాభై ఆరు… యాభై ఆరు…"

ఇంకో పక్క నుంచి ఇంకో గొంతు. "యాభై ఆరు…" దాని వెనక మరొకటి. ఆడగొంతు. పిల్లగొంతు. గరగరలాడే ముసలిగొంతు. గోడ చుట్టూ యాభై ఆర్లు తిరుగుతున్నాయి.

తాళంకప్ప దుప్పటి అంచు రెండు చేతులా పట్టుకున్నాడు.

తలుపు తెరుచుకుంది… మెల్లగా… దానంతటదే.

గుమ్మంలోంచి ఒక కుర్చీ లోపలికి వచ్చింది. నేల మీద కాదు. నేలకి మూడడుగుల ఎత్తున, గాలిలో, అటూ ఇటూ ఊగుతూ వచ్చింది. అందులో నెరిసిన తలతో ఒక ముసలాయన నిటారుగా కూర్చుని ఉన్నాడు. చేతులు కుర్చీ చేతుల మీద. కళ్ళు సూటిగా ముందుకి.

తాళంకప్ప పైప్రాణాలు పైనే పోయాయి. దుప్పటితో సహా టేబులు మీద లేచి కూర్చున్నాడు.

కుర్చీ గాలిలోనే ఠక్కున ఆగింది. దాని కింద నుంచి ఏడుపు గొంతుతో ఎవరో అరిచారు.

"యాభై ఆరు మాస్టారూ… యాభై ఆరు…"

"యాభై ఆరు…" అని తాళంకప్పా అరిచాడు.

"యాభై ఆరండీ…"

"యాభై ఆరే…"

ఇలా కాసేపు ఇద్దరూ ఒకరికొకరు జవాబు చెప్పుకున్నారు. కుర్చీలో ముసలాయన చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఎంతట?" అన్నాడు.

తాళంకప్ప తడుముకుని టార్చి వెలిగించాడు. కుర్చీ కింద నల్ల కంబళ్ళు కప్పుకున్న ఇద్దరు మగాళ్ళున్నారు. ఇద్దరూ వణుకుతున్నారు.

"మీరా సార్… తెల్లగా కనబడేసరికి పాత హెడ్మాస్టరు గారనుకున్నాం." అన్నాడు ఒకడు, చెమట తుడుచుకుంటూ. "కుర్చీ తెచ్చాం సార్. బడిదే. రాసుకోండి."

"అందులో ఉన్నదెవరయ్యా?"

"మా తాత సార్. పదకొండేళ్ళయింది, దిగట్లేదు. మాస్టారు పోయింది ఈ కుర్చీలోనే కదా, ఎవరూ కూర్చోలేకపోయారు. మా తాతకి చెవుడు, ఆయనకేం వినబడదు. అందుకని తీసుకెళ్ళాం. దింపబోతే తిడతాడని ఇలాగే మోసుకొచ్చాం. మీరు కుర్చీ ఒక్కటే రాసుకోండి, తాత మా సొంతం."

తాళంకప్ప రిజిస్టరు తెరిచాడు. హెడ్మాస్టరు కుర్చీ ఒకటి — టిక్కు.

తర్వాత వచ్చింది రెండో నల్లబల్ల. రెండు కాళ్ళ మీద తనే నడిచి వచ్చింది. దాని వెనక నుంచి దర్జీ తల బయటపెట్టాడు. ఇన్నాళ్ళూ బట్టలు కత్తిరించుకోవడానికి వాడుకున్నాడట. బల్ల మీద ఎవరిదో నడుము కొలత ఇంకా చెరగలేదు.

మంత్రసాని గోడగడియారాన్ని చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చింది.

"ఈ ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డకీ ఘడియ దీన్లోనే చూశాను బాబూ. ఇరవై నిమిషాలు వెనక నడుస్తుంది. ఆ సంగతి ఎవరితో అనకండి. జాతకాలు రాయించుకున్నారు అందరూ."

గ్లోబు రెండు చెక్కలై రెండిళ్ళ నుంచి వచ్చింది. ఒక చెక్క కింద అప్పటిదాకా కోడిపిల్లలుండేవి. రెండిళ్ళవాళ్ళకీ మాటల్లేవు. అయినా ఆ రాత్రి గుమ్మంలో నిలబడి, మాట్లాడుకోకుండానే, రెండు చెక్కలూ కలిపి పట్టుకుని భూమిని ఒకటి చేసి ఇచ్చారు.

మంగలి బెంచీ వచ్చింది. నీళ్ళ డ్రమ్ము వచ్చింది. ఇల్లు కారకుండా కప్పు కింద కట్టుకున్న ప్రపంచపటం వచ్చింది. మహాసముద్రాల్లో నిజం నీళ్ళ మరకలున్నాయి. ఒక్కొక్కరూ గేటు దగ్గర యాభై ఆరు అనుకుంటూ రావడం, సామాను దించడం, తల దించుకుని పక్కన నిలబడడం.

వడ్రంగి ఒక ఉయ్యాల తెచ్చాడు. అందులో పసిబిడ్డ నిద్రపోతోంది.

"ఇదేమిటయ్యా?" అన్నాడు తాళంకప్ప.

"బెంచీ సార్. పొట్టి బెంచీ. మా మనవరాలు పుట్టినప్పుడు ఇలా చేసుకున్నాను. తెల్లారేలోపు మళ్ళీ బెంచీ చేసి ఇచ్చేస్తాను, మేకులు తెచ్చుకున్నాను. కాకపోతే ఇది లేచేదాకా సుత్తి వాడకూడదు. మా కోడలు ఊరుకోదు."

టార్చి పట్టుకుని రాసుకుంటూ, తాళంకప్ప చివరికి అడిగాడు. "ఇంత రాత్రి ఎందుకు మోసుకొస్తున్నారయ్యా ఇవన్నీ? ఎవరు తెమ్మన్నారు మిమ్మల్ని?"

వడ్రంగే ముందుకొచ్చాడు.

"మైకు చెప్పింది సార్. సామాను పోయిందని బడి మూసేస్తున్నారటగా. తప్పు మాదే సార్. పగలు అందరి ముందూ తేవాలంటే సిగ్గేసింది, అందుకని చీకట్లో తెచ్చాం. దెయ్యానికి భయపడుతూనే తెచ్చాం. అన్నీ ఇచ్చేశాం కదా…" అతని గొంతులో ఆశ స్పష్టంగా తెలుస్తోంది. "ఇంక మా బడి ఉంటుంది కదా సార్?"

తాళంకప్ప టార్చిని రిజిస్టరు మీదకి తిప్పుకున్నాడు.

సామాను తగ్గితే బడి ఉంటుంది. సరిపోతే పోతుంది. ఆ ఊరివాళ్ళు సరిగ్గా తిరగేసి అర్థం చేసుకుని, బడిని మూయించడానికి కావాల్సినదంతా తలల మీద పెట్టుకుని మోసుకొచ్చి అతని ముందు పోశారు. తీసుకెళ్ళిపొండి అని అరవాలనిపించింది. అలా అనమని ఏ రూల్లోనూ లేదు. అతను తల వంచుకుని టిక్కులు పెట్టాడు.

మూడింటికి అందరూ వెళ్ళిపోయారు. వడ్రంగి కోడలు వచ్చి, మామగారిని ఒక చూపు చూసి, బిడ్డని ఎత్తుకుపోయింది. అప్పుడు గానీ ఉయ్యాల బెంచీ కాలేదు. తాతని మనవలిద్దరూ చేతుల మీద ఎత్తుకుపోయారు. ఆయన కాళ్ళు ఇంకా కుర్చీలో ఉన్నట్టే మడిచి ఉన్నాయి.

తాళంకప్ప లెక్క చూశాడు. యాభై ఐదు.

మళ్ళీ చూశాడు. యాభై ఐదే. ఇత్తడి చేతిగంట ఒక్కటి లేదు. గుండె మీంచి బరువేదో దిగినట్టయింది అతనికి. ఒక లెక్క తప్పినందుకు సంతోషపడడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి. ఎందుకు సంతోషమో తనకే తెలియక, టార్చి ఆర్పి చీకట్లో కూర్చున్నాడు.

గుమ్మంలో చిన్న దీపం కనిపించింది. టీచరమ్మ. పమిట చెంగులో ఏదో పట్టుకుని ఉంది.

"అందరూ తెచ్చిచ్చారటగా సార్."

"ఒక్కటి తక్కువమ్మా" అన్నాడు అతను, ఆత్రంగా. "గంట. అది దొరకదు కదా? దొరక్కపోతే…"

ఆవిడ చెంగు విప్పి గంటని టేబులు మీద పెట్టింది.

"ఇది నేనే దాచాను సార్. రూలు పుస్తకం చదివాను. ఒక్కటి తగ్గితే చాలని తెలిసి, ఏడాదిగా మా ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టాను. పళ్ళెం మోగిస్తూ కూర్చున్నాను." ఆవిడ గంటకి అంటిన బియ్యప్పొడి తుడిచింది. "ఊరంతా బడి నిలబడుతుందని దెయ్యానికి కూడా ఎదురొచ్చి సామాను ఇచ్చింది. వాళ్ళ మధ్య నేనొక్కదాన్నే దొంగనై ఎలా ఉండను? రాసుకోండి సార్. తెల్లారాక ఆ ముగ్గురికీ ఏం చెప్పాలో మాత్రం మీరే చెప్పి వెళ్ళండి. నాకు చేతకాదు."

కళ్ళు తుడుచుకుని, "టీ పెట్టి తెస్తాను" అని వెళ్ళిపోయింది.

గదిలో తాళంకప్ప ఒక్కడే మిగిలాడు. టార్చి వేసి చుట్టూ చూశాడు. బెంచీలు వరసగా ఉన్నాయి. గడియారం ఇరవై నిమిషాలు వెనకగా నడుస్తోంది. గోడకి ప్రపంచం, టేబులు మీద భూమి, మూల హెడ్మాస్టరు కుర్చీ. పాతికేళ్ళలో ఆ గది అంత నిండుగా ఎప్పుడూ ఉండి ఉండదు. పిల్లలు వచ్చి కూర్చోవడమే తరువాయి.

ఫారం తీశాడు. ఆఖరి గడి: సామాను సరిపోయినదా? అవును, కాదు. ఒకటి కొట్టెయ్యాలి.

పదకొండు పేర్లు వెళ్ళాయి, ఒక్క పిల్లాడు వెళ్ళాడు. పంతొమ్మిది బళ్ళకీ కలిపి ఎన్ని పేర్లో అతనికి వెంటనే చెప్పడం వచ్చు. ఎంతమంది పిల్లలో చెప్పడం రాదు. ఆ సంగతి అప్పుడే మొదటిసారి తెలిసింది, తెలిసి సిగ్గుతో చచ్చిపోయాడు.

అతను లేచాడు. దొంగలు ఎలా లేస్తారో తెలియదు గనక మామూలుగానే లేచాడు. మెడలో మఫ్లరు తీసి, గంట లోపలికి గట్టిగా కుక్కి, నాలుక ఆడకుండా చేసి, సంచిలో అడుగున పెట్టాడు. తెచ్చిన తాళంకప్పని అక్కడే వదిలేద్దామనుకున్నాడు. వెంటనే నాలుక కరుచుకున్నాడు. అదొకటి చేరితే మళ్ళీ యాభై ఆరవుతుంది. దాన్నీ సంచిలో వేసుకున్నాడు.

ఫారంలో 'అవును' కొట్టేశాడు. గుండ్రటి అక్షరాలతో రాశాడు: మొత్తం యాభై ఐదు. ఇత్తడి చేతిగంట ఒకటి — కనబడలేదు. సంతకం పెట్టి, రెండో ప్రతిని టీచరమ్మకి కనబడేలా గ్లోబు కింద పెట్టి, తలుపు దగ్గరగా వేసి బయటపడ్డాడు.

ఇంకా చీకటిగానే ఉంది. మొదటి బస్సు ఐదింటికి. వీధిలో పురుగు లేదు. సంచి చంకలో బిగించి పట్టుకుని, పిల్లిలా అడుగులేస్తూ గేటు దాటాడు.

దాటాడో లేదో…

"ఏడెనిమిదులు…"

సన్నగా. ఓపిగ్గా. వెనక నుంచి.

తాళంకప్ప ఆగిపోయాడు. తలుపు ఇప్పుడే దగ్గరగా వేసి వచ్చాడు. గదిలో ఎవరూ లేరు. కుర్చీ ఒక్కటుంది… పదకొండేళ్ళ తర్వాత ఈ రాత్రే తిరిగొచ్చిన కుర్చీ.

"ఏడెనిమిదులు…"

ఊళ్ళో అందరికీ తెలిసిన జవాబే. అతనూ రాత్రంతా చెప్పిన జవాబే. నోరు తెరిచాడు. చంకలో గంట చల్లగా తగిలింది. ఆ జవాబు చెబితే లెక్క సరిపోయినట్టే. రాసి సంతకం పెట్టింది ఒకటి, చెప్పేది ఒకటి అయితే ఇక అతనేం గుమాస్తా? జ్వరమైతే జ్వరం, ఎక్కిళ్ళయితే ఎక్కిళ్ళు. గుండె గట్టి చేసుకున్నాడు.

"యాభై… ఐదు" అన్నాడు.

లోపల కుర్చీ ఒకసారి కిర్రుమంది, అందులో ఎవరో వెనక్కి ఆనుకున్నట్టు.

"ఊఁ…" అంది గొంతు, తృప్తిగా. "కూర్చో."

తాళంకప్ప కూర్చున్నాడు. అక్కడే. రోడ్డు మధ్యలో.

ఐదింటికి వచ్చిన బస్సు వెలుతురులో అతను కనిపించాడట. చేతులు కట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. ఈ కథ ఇంతమందికి తెలిసింది ఆ బస్సు కండక్టరు వల్లే. దిగి వెళ్ళి, "లేవండి సార్, బస్సెక్కరా?" అని అడిగితే, "ఇంకా గంట కొట్టలేదు" అన్నాడట.

కండక్టరు విసుక్కుని సంచి పట్టుకుని లాగాడు. మఫ్లరు జారింది. సంచి అడుగున ఒక్కసారి — ణంగ్.

తాళంకప్ప చటుక్కున లేచి బస్సెక్కాడు.

ఆ ఫైలు ఇప్పటికీ పెండింగులోనే ఉంది. గంట దొరికిందా అని ఏడాదికొకసారి ఆఫీసు నుంచి ఉత్తరం వెళుతుంది. ఆ ఉత్తరం రాసేది తాళంకప్పే. వెదుకుతూనే ఉన్నామని టీచరమ్మ జవాబు రాస్తుంది. ఉత్తరం టైపు చేసేటప్పుడు అతని బల్ల కింది సొరుగు ఎవరైనా తగిలి కదిపితే ణంగుమని చిన్న చప్పుడవుతుందని, వెంటనే అతను లేచి నిలబడతాడని ఆఫీసులో చెప్పుకుంటారు. బడిలో ఈ ఏడు పిల్లలు ఐదుగురు.

అతనికి ఎక్కిళ్ళు మాత్రం ఒక్క రోజు కూడా రాలేదట.